తాలూకా ఆఫీసు గోడ మీది వెల్డరు

మా పెదనాన్న మంగరాజు శుభ్రం మనిషి. రాజోలు కాలవలో పొద్దునా సాయంత్రం మునిగితే గాని అన్నం ముట్టేవారు కాదు. తాతయ్యతో కలిసి పడవలకి ఇనప పట్టీలు కొట్టేవారు. నలభై మూడులో ఇనప పని తెలిసినవాళ్ళు కావాలని పటాలం వాళ్ళు వస్తే పేరిచ్చేరు. మద్రాసులో ఆరు నెలలు వెల్డింగు నేర్పి, అస్సాంలో బర్మా వెళ్ళే రోడ్డు పక్కనున్న వర్క్‌షాపుకి పంపేరు. విరిగిన లారీలు, తగలబడిన టాంకులు అక్కడికి వచ్చేవి.

మొదటి రోజే స్టోరు హవల్దారు ఆయన మీదికో తోలు ఏప్రన్ విసిరేడు. అంతకు ముందు ఎవరో కట్టుకున్నది. మెడ దగ్గర జిడ్డు పేరుకుని నల్లగా మెరుస్తోంది. వానకి నాని, బూజు పట్టి, చచ్చిన గొడ్డు కంపు కొడుతోంది. మడతల్లో పురుగులు. చేతి తొడుగుల్లో వేళ్ళు పెడితే లోపల జిగటగా తగిలిందిట.

"ఇది కడుక్కోవచ్చాండీ?" అని అడిగేరు పెదనాన్న.

"పాతవాడు కడగలేదు," అన్నాడు హవల్దారు.

ఆ పాతవాడు ఏమయ్యాడని పెదనాన్న అడగలేదు.

కట్టుకోకపోతే నిప్పురవ్వలు ఒళ్ళు కాలుస్తాయి. కట్టుకుంటే ఆ కంపు అన్నం ముద్ద దాకా వస్తుంది. తడి తొడుగులతో కరెంటు వెల్డింగు చేస్తుంటే మోచేతి దాకా షాకు కొట్టేది. నల్లద్దాల జత ముగ్గురికి ఒకటి. ఒకడికి కళ్ళకలక వస్తే మిగతా ఇద్దరికీ వచ్చేది. ఆ ముగ్గురిలో అంబాజీపేట సూరయ్య ఒకడు. అద్దాలు తన వంతుకి రానప్పుడు దీపం మసి పట్టించిన గాజుముక్క కళ్ళకి అడ్డం పెట్టుకుని పని చేసేవాడు.

ఒక రోజు పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడన్నారు. పొద్దున్నే స్టోరు తలుపులు బార్లా తెరిచేరు. లోపల కొత్త ఏప్రన్లు, మోచేతుల దాకా వచ్చే తొడుగులు, కాళ్ళకి చుట్టుకునే తోలు పట్టీలు, మనిషికో నల్లద్దాల జత, కట్టలు కట్టలుగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా?" అన్నాడు సూరయ్య.

ఫోటో తీసేవాడు పెదనాన్నకి కొత్తవన్నీ తొడిగించి, ఒక టాంకు పక్కన నిలబెట్టి గడ్డం పైకెత్తమన్నాడు. ఆ టాంకులో మనుషులు కాలిన వాసన ఇంకా పోలేదు. దొర దగ్గరికొచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగేడు.

"సామాను ఎలా ఉందని అడుగుతున్నారు," అన్నాడు హవల్దారు హిందూస్తానీలో.

"ఈ పొద్దున్నే ఇచ్చేరని చెప్పండి."

హవల్దారు చెప్పేడు. దొర నవ్వి పెదనాన్న భుజం తట్టేడు. ఆ నవ్వు చూస్తే హవల్దారు ఇంకేదో చెప్పేడని పెదనాన్నకి తెలిసిపోయింది. మధ్యాహ్నానికి అన్నీ విప్పించి స్టోరులో పెట్టి తాళం వేసేరు.

పది రోజులకి సూరయ్య చేతిలో మసిగాజు వేడికి పగిలి, కరిగిన ఇనుము రవ్వ కుడికంట్లో పడింది. కన్ను పోయింది.

ఆ తర్వాత తాతయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "పటాలంలో చేరండని రాసి, నీ బొమ్మ అమలాపురంలో తాలూకా ఆఫీసు గోడకి అంటించేరు. రాజాలా ఉన్నావు. అది చూసి మన వీధి పాపాయమ్మ కొడుకు రాజబాబు కూడా వెల్డరుగా చేరేడు."

హవల్దారు మీద కన్నా తన మీద ఎక్కువ రోత పుట్టింది పెదనాన్నకి. గడ్డం ఎత్తమంటే ఎత్తింది తనే కదా.

సెలవు దొరగ్గానే ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా ఆ గోడ దగ్గరికి వెళ్ళేరు. మైదాజిగురుతో అంటించిన కాగితం, ఊడి రాలేదు. గోళ్ళతో గీకుతుంటే పోలీసు జమాదారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సర్కారు బొమ్మ చింపితే ఏమవుద్దో తెలుసా?"

"ఆ బొమ్మలో ఉన్నది నేనేనండి."

జమాదారు గోడకేసి చూసేడు, ఈయనకేసి చూసేడు. "ఆయ్, నువ్వే. మరెందుకు చింపుతున్నావు?"

"ఆ బట్టలు నావి కావండి."

రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి పటాలానికి కబురు పెట్టేరు. సెలవు రద్దయింది. వెనక్కి వెళ్ళగానే పదిహేను రోజులు పాయిఖానాలు కడిగించేరు. ఆ తోలు ఏప్రన్ కట్టుకోవడం కంటే ఆ పనే నయం అనేవారు పెదనాన్న.

రాజబాబు మణిపురం కొండల్లో మలేరియాతో పోయేడు. యుద్ధం అయ్యేక పెదనాన్న, సూరయ్య కలిసి అంబాజీపేటలో కొబ్బరి లారీలకి వెల్డింగు చేసే కొట్టు పెట్టేరు. నాకు పదేళ్ళొచ్చేసరికి, అంటే యాభై ఐదులో, అక్కడ ఇద్దరికీ చెరో అద్దాల జత ఉండేది. సూరయ్య ఒంటి కంటికి కూడా రెండద్దాలూ పెట్టుకునేవాడు.

పాపాయమ్మగారు సంతకి వచ్చినప్పుడల్లా కొట్టు ముందు ఆగేవారు. ప్రతిసారీ అదే అడిగేవారు.

"గోడ మీద నువ్వేసుకున్నావే నాయనా, మా అబ్బాయికీ అలాంటి బట్టలే ఇచ్చేరా?"

"ఆయ్, ఇచ్చేరు పిన్నీ. కొత్తవే ఇచ్చేరు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేవారు. పెదనాన్న కొట్టు వెనక్కి వెళ్ళి, నోట్లో ఏదో కుళ్ళినది పడ్డట్టు, కాండ్రించి కాండ్రించి ఉమ్మేవారు.