సుద్దముక్క విరగడం, పాలు విరగడం

ఇవాళ భోగాపురం దగ్గర మా బడిలో ఏడో తరగతికి భౌతిక మార్పు, రసాయనిక మార్పు పాఠం చెప్పాను. సుద్దముక్కను రెండుగా విరిచి, "ఇది భౌతిక మార్పు. విరిగినా సుద్ద సుద్దే. నూరి పోత పోస్తే మళ్లీ ఒకే ముక్క అవుతుంది" అన్నాను. తర్వాత పిల్లలకు పంచమని వచ్చిన అమెరికా పాలపొడి కాస్త నీళ్లలో కలిపి, పంపు స్టవ్వు మీద కాచి, నిమ్మకాయ పిండాను. పాలు విరిగిపోయాయి. "ఇది రసాయనిక మార్పు. ఇవింక పాలు కావు" అన్నాను.

వలలు వేసే అప్పన్న కూతురు పైడమ్మ లేచింది. "అదీ ఇరగడమే, ఇదీ ఇరగడమే. మరి మార్పులు రెండేటి మేస్టారూ?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. పాఠం రాసినవాళ్లకు ఈ తిరకాసు తట్టినట్టు లేదు. పైడమ్మ మాత్రం కూర్చోలేదు.

"మా అయ్య మీద మనసు ఇరిగిపోనాదని మాయమ్మ పాతపట్నం ఎల్లిపోనాది. అది సుద్దముక్క ఇరిగినట్టా, పాలు ఇరిగినట్టా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సుద్దముక్క విరిగినట్టేలేవే, కూర్చో" అన్నాను.

బడి వదిలాక చూస్తే బల్లమీద సుద్దముక్కలు రెండూ లేవు.

నేను చెప్పింది సైన్సో, అబద్ధమో నాకు తెలియదు. మీరైతే ఏం చెప్పేవారు? మా ఆవిణ్ణి అడుగుదామంటే, ఆవిడా సాలూరులో పుట్టింటికి వెళ్లి చాన్నాళ్లయింది.