సొట్ట గ్లాసుకు సుంకం లేదు

పెన్‌పహాడ్ సోమమ్మ ఇంట్లో గుర్తు లేకుండా బతికే వస్తువు లేదు. గొర్రెల వీపుల మీద ఎర్ర రంగు, గిన్నెల మీద పేరూ తేదీ. పెళ్ళికి ఎరువిచ్చిన గిన్నె ఎవరి అటక మీద దాక్కున్నా వెళ్ళి, బోర్లించి, ఎవరిచేతనైనా చదివించి పట్టుకొస్తుంది. తనకు చదువు రాదు. గిన్నెకు వస్తే చాలునని ఆమె నమ్మకం.

కూతురు అశ్విని మాత్రం కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. మిర్యాలగూడ రైసుమిల్లులో మెకానిక్‌గా ఉన్న ఆమె భర్త వీరేందర్‌కు ఆఫ్రికాలో ఒక మిల్లులో పని దొరికింది. అతను ముందే వెళ్ళాడు, అశ్విని సామానుతో పుట్టింటికి చేరింది. ఇక చంటి కూతురు గీతను తీసుకుని ఆమె వెళ్ళాలి. గీత పాలు తాగేది ఒకే ఒక సొట్ట గ్లాసులో. అశ్వినిని తొట్టెలో వేసిన నాడు సోమమ్మ కూతురి పేరు కొట్టించిన గ్లాసది. వేరేది చూపిస్తే పిల్ల పెదవులు బిగిస్తుంది. కడుపులోకి పోయిన ప్రతి మిల్లీలీటరూ లెక్క చూసే తల్లికి అంతకు మించిన ప్రళయం లేదు.

సామాను పంపించే కోదాడ ఏజెంటు కిరణ్ ఒక శుభవార్త చెప్పాడు. వాడిన ఇంటి సామానుకు అక్కడ కస్టమ్స్ సుంకం ఉండదట, కొత్తవాటికైతే కట్టాలట. తన కాపురంలో కొత్తదంటూ ఏమీ లేనందుకు అశ్విని మొదటిసారి పొంగిపోయింది. పాత గిన్నెలన్నీ గోనెసంచిలో వేసింది. మర్చిపోతానేమోనన్న భయంతో, పొద్దున పాలు పట్టి కడిగిన గ్లాసును కూడా అందులోనే పడేసి, సంతకాల కోసం పిల్లతో కోదాడ వెళ్ళింది.

సోమమ్మ కళ్ళకు ఆ సంచిలో కనిపించింది సామాను కాదు, ఇంటి పరువు. విమానం ఎక్కే బిడ్డ సొట్టలు మోసుకుపోవడమా? ఆటో మాట్లాడుకుని సూర్యాపేట వెళ్ళింది. గిన్నెల దుకాణంలో పాతవన్నీ తూకం వేయించి కొత్తవి తీసుకుంది. అలవాటు ప్రకారం గరిటెతో సహా అన్నింటి మీదా పేరు, ఆ రోజు తేదీ కొట్టించింది.

సాయంత్రం ఆ ధగధగలు చూసి అశ్విని ఫోటో తీసి కిరణ్‌కు పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"కొత్తవని మీరే చెక్కించి పంపుతుంటే ఆఫీసరుకి కళ్ళద్దాలు కూడా అక్కర్లేదండీ."

స్టీలును ముసలిదాన్ని చేసే మార్గం ఏమైనా ఉందా అని అశ్విని ఆలోచించింది. లేదని చెప్పడానికే ఆమె అన్నేళ్ళు చదువుకున్నట్టుంది. ఇంతలో గీత పాలకు ఏడ్చింది.

"అమ్మా, పిల్ల గ్లాసేది?"

"గా సొట్టదా? తూకంల వేసిన. ఇగో, దాని జాగల ఆరు తెచ్చిన."

ఆరింటినీ ఒక్కొక్కటిగా చూపించారు. ఆరుసార్లూ గీత పెదవులు బిగించింది. ఏడ్చి ఏడ్చి పాలు ముట్టకుండానే పడుకుంది. సోమమ్మ చాలాసేపు మనవరాలి పక్కనే కూర్చుంది.

తెల్లారి మొదటి ఆటోలోనే ఆమె సూర్యాపేట చేరింది. పాత సామాను ఇంకా దుకాణం వెనక కుప్పగానే ఉంది. అందులో ఎక్కడ దొరుకుతుందని సేటు నవ్వాడు. సోమమ్మ కొంగు దోపుకుని కుప్ప ముందు కూర్చుంది. అక్షరాలు రాకపోయినా కూతురి పేరు ఆకారం ఆమెకు తెలుసు. మందలో తన గొర్రె తెలిసినట్టే. ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ చివరికి పట్టుకుంది. నీదేనని రుజువేమిటని అడిగిన సేటుకు, పేరు మీద వేలు పెట్టి చూపించి, బదులుగా వెంట తెచ్చిన రెండు కొత్త గ్లాసులు అతని ముందు పెట్టింది.

గీత గుక్క తిప్పుకోకుండా తాగింది. సోమమ్మ ఇంట్లోకి వెళ్ళి తన గిన్నెల మూట తెచ్చి కూతురి ముందు దించింది. అన్నింటి మీదా తన పెళ్ళినాటి తేదీ ఉంది. ఏ దేశపు ఆఫీసరూ వాటిని కొత్తవనలేడు.

"ఇవి తీస్కపో. గవి గీడుంటయి."

"కొత్తవాటిని ఏం జేస్తవే?"

"మీరు మల్లొచ్చేసరికి పాతవి జేస్త."

ఆ సాయంత్రం దొడ్లో గొర్రెపిల్లలు తవుడు తింటున్నాయి. వాటి మూతుల కింద కొత్త స్టీలు బేసిను మీద తేదీ తళతళా మెరుస్తోంది.