చెప్పుల చప్పుడు

ఇంగ్లిషు టీచరమ్మకు గాలిలోంచి పుట్టిన పోలికలంటే గిట్టదు. ఎవరేం చెప్పినా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, చాక్‌పీసు వేళ్ల మధ్య తిప్పుతూ, "ఎక్కడ చూశావే?" అని ఆరా తీస్తుంది. పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చిన చంద్రుళ్లూ సింహాలూ ఆమె దగ్గర చెల్లవు. ఆ సాయంత్రం భయానికి ఇంగ్లిషులో ఒక పోలిక చెప్పమంది. భయం తలుపు బయట ఆగిన చెప్పుల చప్పుడులా ఉంటుందని, చివరి బెంచీ పిల్ల తడుముకోకుండా చెప్పింది. టీచరమ్మ ముఖం విప్పారింది. "భలే! ఎక్కడ విన్నావే?"

"మా ఇంట్లో టీచర్. రోజూ."

చాక్‌పీసు ఆగిపోయింది. ఇంతలో గంట కొట్టారు. అందరూ బిలబిలా వెళ్లిపోయినా, ఆ పిల్ల సంచీ సర్దుతూనే ఉంది. వరండాలో చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, గుమ్మం బయట ఆగింది.

"మా నాన్న" అంది పిల్ల, సంచీ సర్దడం ఆపి.

టీచరమ్మ లేచి, తలుపు గడియ పెట్టింది.