తల తిప్పని పొన్‌రాజ్

పొన్‌రాజ్ పట్టాళంలో ఉండగా రంగూన్‌లో ఒక దొరను మూడు గుద్దులకు పడగొట్టాడని మా రాజపాళయంలో చెప్పుకునేవారు. ఆ గుండె దిటవు ఉండబట్టే, బడిలో ఇంగ్లీషు చెప్పే వాత్తియారు నిండు సినిమా కొట్టాయిలో లేచి నిలబడి తప్పు పట్టినా తల తిప్పలేదని కూడా అనేవారు. రంగూన్ సంగతి నాకు తెలియదు. రెండో సంగతి జరిగినప్పుడు నేను ఆడవాళ్ళ వైపు, నడిమధ్య కట్టిన తాడును ఆనుకుని కూర్చుని ఉన్నాను. దానికి కారణం కూడా నేనే.

మేమిద్దరం కట్టుగుడ్డ నేసే షెడ్డులో పనిచేసేవాళ్ళం. గాయాలకు చుట్టే పలచని గుడ్డ అది. ఏడో తరగతిలో బడి మానిపించాక నన్ను అక్కడ కండెలు చుట్టడానికి పెట్టారు. పొన్‌రాజ్ మగ్గాలకు నూనె పోసేవాడు. అంతకుముందు పద్నాలుగేళ్ళు నూలు మిల్లులో చేశాడు. ఇరవైనాలుగు మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో ఎవరూ గొంతు వాడేవారు కాదు. పెదవులు కదిపితే ఎదుటివాళ్ళు చూసి తెలుసుకునేవారు. కొత్తగా చేరిన పిల్లకు అది పట్టుబడడానికి నెల పట్టేది. ఆ తరువాత ఇంట్లో కూడా పెదవులే ఆడించి అమ్మ చేత తిట్లు తినేది. నేనూ తిన్నాను.

యాభైఏడులో మా ఊళ్ళో పాక వేసి ఆడించే టూరింగ్ కొట్టాయికి ఒక ఇంగ్లీషు బాక్సింగ్ సినిమా వచ్చింది. అప్పటికే పాతది, గీతలు పడినది. కోతలు అయ్యాక పది రోజులు ఆడి పోయింది. మరుసటి ఏడాది జనమే అడిగి మళ్ళీ తెప్పించారు. అప్పటి నుంచి ఏటా వస్తూనే ఉంది. సేత్తూరు నుంచి, చోళపురం నుంచి సైకిళ్ళ మీద ఇద్దరేసి వచ్చేవారు. కథ అందరికీ తెలుసు. ముసలివాడవుతున్న ఒక బాక్సర్ మూడుసార్లు పడతాడు, మూడుసార్లు లేస్తాడు. అయినా పోటీకి ముందు అతను చేతులకు పలచని గుడ్డ చుట్టుకునేటప్పుడు కొట్టాయి మొత్తం ఊపిరి బిగబట్టేది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో ఒకరు, "మన గుడ్డ పా అది," అనేవాడు. అప్పుడు ఈలలు. ఆ సినిమా తీసేనాటికి మా ఊళ్ళో ఈ మగ్గాలే లేవని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను చుట్టిన కండె నూలు అతని చేతికి ఉందనే అనుకునేదాన్ని.

ఇంగ్లీషు మాటలు ఎవరికీ అర్థం కావు కనుక తెర పక్కన మైకు పట్టుకుని పొన్‌రాజ్ కథ చెప్పేవాడు. మిగతా ఏడాదంతా నూనె డబ్బాతో వంగి తిరిగే మనిషి, ఆ పది రోజులు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తనే ఇస్త్రీ చేసుకునేవాడు. దారిలో జనం ఆపి పలకరించేవారు. అతనికి ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. ఆ పది రోజులే ఉన్నాయి.

అరవైమూడులో ఒకనాడు, గోడకు అంటించవలసిన ఆ సినిమా ఇంగ్లీషు నోటీసును షెడ్డులో అతను తలకిందులుగా పట్టుకుని చూడడం నా కంటపడింది. పక్కన కండెలు చుట్టే వేలమ్మాళ్ అక్కతో నవ్వులాటకు పెదవులు కదిపాను.

"పొన్‌రాజ్ అన్నకు ఇంగ్లీషే రాదక్కా. నోటీసు తలకిందులు పట్టుకొని చదువుతా ఉన్నాడు."

వేలమ్మాళ్ అక్క పొద్దున్నే ఇంగ్లీషు వాత్తియారు రాజగోపాలన్ ఇంట్లో అంట్లు తోమేది. రెండు రోజులకల్లా కొట్టాయి ఓనరు దామోదరన్ మా షెడ్డు గుమ్మంలోకి వచ్చి పొన్‌రాజ్‌ను పిలిపించాడు.

"ఆదివారం తొలి ఆటకు రాజగోపాలన్ వాత్తియారు వస్తాడు. నువ్వు చెప్పేది తప్పని ఆయన అంటే సోమవారం నుంచి మైకు వేరేవాళ్ళకు. మనసులో పెట్టుకోవద్దు పా."

పొన్‌రాజ్ అతని నోటి వంకే చూసి, "సరి, రానీ," అన్నాడు. నూనె డబ్బా తీసుకుని మళ్ళీ మగ్గాల మధ్యకు వెళ్ళాడు.

వేలమ్మాళ్ అక్క నా వైపు చూసి పెదవులు కదిపింది.

"నోరు లేని పిల్ల అంటారు నిన్ను. ఉన్న ఒక్క మాటను ఎట్ల వాడినావో చూడు."

"వాత్తియారు ఇంటికి మోసింది నువ్వు కదక్కా."

"నువ్వు ఎత్తి పెడితివి, నేను మోస్తిని."

ఆదివారం కొట్టాయి ఇసుకలో కూర్చున్నాను గాని తెర మీద కళ్ళు నిలవలేదు. మగవాళ్ళ వైపు బెంచీ మీద వాత్తియారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పొన్‌రాజ్ ఎప్పటిలాగే మాకు వీపు చేసి, తెర కేసి తల ఎత్తి నిలబడ్డాడు. గుడ్డ చుట్టుకోవడం అయింది. ఈలలు అయినాయి. బాక్సర్ రెండోసారి పడ్డాడు. జనంలో నుంచి కోటు వేసుకున్న ఒక ఆడమనిషి లేచింది.

"అక్క లేచినాది," అన్నాడు పొన్‌రాజ్ మైకులో. "ఒరే తమ్ముడా, చంకనెత్తుకొని పెంచినాను నిన్ను, లెయ్యి, అంటా ఉంది."

వాత్తియారు లేచి నిలబడ్డాడు. బడిలో పిల్లలను లేపే గొంతు అది.

"పొన్‌రాజు, తప్పు. ఆమె అక్క కాదు, పెండ్లాము. లెయ్యమని కూడా అనలేదు. చాలు, ఇంటికి పోదాం రా, అంటా ఉంది."

కొట్టాయంతా పొన్‌రాజ్ వీపు వంక చూసింది. ఆ వీపు కదలలేదు.

"లెయ్యి తమ్ముడా," అన్నాడతను అదే గొంతుతో. "అక్క ఉన్నాను, లెయ్యి."

తెర మీద బాక్సర్ లేచాడు. వెనక నుంచి ఎవరో, "వాత్తియారే, కూర్చోండి. ఆరేండ్లుగా ఆమె అక్కే," అన్నారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. వాత్తియారు కూర్చున్నాడు.

ఆట విడిచాక ఆయన దామోదరన్‌తో అనడం తాడు పక్క నుంచి విన్నాను. "చెప్పేది శుద్ధ తప్పు. అయినా మైకు తీయొద్దు. ఉన్నది ఉన్నట్టు నేను చెప్తే వచ్చిన కూట్టమంతా లేచి పోతుంది."

మైకు నిలిచింది. మరునాటికే రంగూన్ కథ పుట్టింది. నాకు మాత్రం భయం తీరలేదు. మాట నా దగ్గర మొదలైందని అతనికి ఎవరో ఒకరు చెప్పకపోరు. అంతకన్నా ముందు నేనే చెప్పాలి. ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు.

మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. ఆడవాళ్ళందరూ గాలికి బయటికి వెళ్ళారు. పొన్‌రాజ్ మూల మగ్గం దగ్గర గొంతుక్కూర్చుని నూనె పోస్తున్నాడు. నేను అతని వెనక నిలబడి అన్నాను.

"అన్నా, వాత్తియారు దాకా పోయిన మాట నాదే. నోటీసు సంగతి చెప్పింది నేనే."

అతను తల తిప్పలేదు. కోపం అనుకున్నాను. ఇంకొంచెం గట్టిగా అదే మాట అన్నాను. బయటున్న వేలమ్మాళ్ అక్క తల తిప్పింది. అతను తిప్పలేదు. కండెల బుట్ట చేతిలోంచి జారి నేల మీద పడి దొర్లింది. అయినా నూనె పోస్తూనే ఉన్నాడు. ఒక కండె దొర్లుకుంటూ వెళ్ళి అతని కాలికి తగిలింది. అప్పుడు వెనక్కి చూశాడు.

"ఏం పాపా, ఎప్పుడు వచ్చినావు? ఏమన్నా చెప్పినావా?" అన్నాడు, నా నోటి వంక చూస్తూ.

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. నేను గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రం కదిపాను. "ఏం లేదన్నా."

"సరి పా," అని అతను మళ్ళీ మగ్గం వైపు తిరిగాడు.

పొన్‌రాజ్‌కు రెండు చెవులూ వినపడవు.