అరచేతిలో కంటైనర్ నంబరు

నేను జావాస్క్రిప్ట్ నేర్చుకున్నది ఒక మనిషి మీద కసితో. ఇంట్లో మాత్రం మంచి ఉద్యోగం కోసమని చెప్పాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పోర్టు దగ్గర ఒక చిన్న ఆఫీసులో కంప్యూటరు ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. ఓడల్లో వచ్చిన కంటైనర్లను లారీల మీద ఫ్యాక్టరీలకు చేర్చడం మా పని. ప్రతి కంటైనరు మీదా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మేనేజరు పొద్దున్నే కంటైనర్లు పేర్చి ఉంచే యార్డుకు వెళ్లి ఆ నంబర్లు చూసొచ్చి చదివితే, నేను టైపు చేసి లారీ డ్రైవరుకు కాగితం ఇవ్వాలి. ఆ మహానుభావుడికి కాగితం మీద రాసుకోవడం నామోషీ. అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకునేవాడు. మా ఊరి ఉక్కపోతలో స్కూటరు హ్యాండిల్ పట్టుకుని ఆఫీసుకొచ్చేసరికి చెమటకు సిరా అలికిపోయి మూడు కాస్తా ఎనిమిదయ్యేది.

లారీ యార్డుకు వెళ్లి, ఆ నంబరు కంటైనరే లేదనిపించుకుని తిరిగొచ్చేది. అప్పుడు మొదలయ్యేది నా పెళ్లి. నన్ను మంచినీళ్ల క్యాను పక్కన నిలబెట్టి, "కల్లెక్కడెట్టుకున్నావ్?" అని డ్రైవర్లందరి ముందూ అరిచేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన ఓనరుకు స్వయానా బావ, అక్క మొగుడు. చెయ్యి చూపించమని ఆయన్ని అడిగే దమ్ము ఎవరికుంటుంది? ఒకసారి నేనే అడిగాను.

"నాను రాసుకున్నది తప్పెలాగవుతాది? నీ యేళ్లే తిన్నగా లేవు. ఇంకోపాలి ఇలాగైతే రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మనిషి. తప్పులు చేసి పని పోగొట్టుకున్నానని తెలిస్తే నన్ను మళ్లీ ఏ ఆఫీసు గడపా తొక్కనిచ్చేవాడు కాదు. చెయ్యని తప్పుకు ఇంట్లో కూర్చోవడమా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రాలు ద్వారకా నగర్‌లో జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష నేర్పే క్లాసుకు వెళ్లేదాన్ని. ఒకరోజు అక్షరాన్ని అంకెగా మార్చే పాఠం చెప్పారు. ఏ అనే అక్షరాన్ని ఇస్తే జావాస్క్రిప్ట్ అరవై అయిదు అంటుంది, బి ఇస్తే అరవై ఆరు. మిగతావాళ్లు తమ పేర్లు అంకెల్లో చూసుకుని మురిసిపోతున్నారు. నాకు ఆఫీసులో దుమ్ము పట్టిన షిప్పింగ్ పుస్తకం గుర్తొచ్చింది. కంటైనరు నంబరులో చివరి అంకె ఊరికే ఉండదని అందులో చదివాను. ముందున్న అక్షరాలను అంకెలుగా మార్చి, అన్నిటినీ ఒక పద్ధతిలో హెచ్చవేసి, కూడి, పదకొండుతో భాగిస్తే మిగిలేదే ఆ చివరి అంకె. నడుమ ఎక్కడ ఒక అంకె మారినా లెక్క కుదరదు. అంటే ఆ చెమట చెయ్యి అబద్ధమాడితే కంప్యూటరే పట్టుకోగలదన్నమాట. నాకు ఆ పాఠం దేవుడిచ్చిన ఆయుధంలా కనిపించింది.

ఆ లెక్క చేసే ప్రోగ్రాం రాయడం మొదలుపెడితే చుక్కలు కనిపించాయి. అంకెలను కూడమంటే, నేను టైపు చేసినవి కాబట్టి వాటినీ అక్షరాలే అనుకుని కంప్యూటరు పక్కపక్కన అంటించి పెట్టింది. అది సరిచేశాక సరైన నంబర్లు కూడా తప్పని చూపించింది. అరవై అయిదులోంచి యాభై అయిదు తీసేసి 'ఏ'కు పది ఇచ్చాను, 'బి'కి పదకొండు వచ్చింది. పుస్తకంలో బి పక్కన పన్నెండు ఉంటే అచ్చుతప్పు అనుకుని వదిలేశాను. పుస్తకం మళ్లీ తిరగేస్తే అప్పుడర్థమైంది. భాగించేది పదకొండుతో కాబట్టి పదకొండు, ఇరవై రెండు, ముప్పై మూడు ఏ అక్షరానికీ ఇవ్వరు. ఆ మూడింటినీ దాటించాక లెక్క కుదిరింది. నంబరు తప్పయితే తెర మీదకొచ్చే మాటను మాత్రం చాలా ప్రేమగా రాసుకున్నాను.

ఫ్లాపీలో తెచ్చి ఆఫీసు కంప్యూటర్లో పెట్టి, ఓనరు వచ్చే రోజు కోసం కాచుకున్నాను. ఆయన వచ్చి కూర్చున్నాక మేనేజరు అరచెయ్యి విప్పి నంబరు చదివాడు. నేను దాన్ని కంప్యూటర్లో కొట్టాను. టంగుమని మోగి, తెర నడిమధ్య ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది: 'చెయ్యి కడుక్కుని రండి సార్.'

ఓనరు లేచొచ్చాడు. "ఏటిది?"

"నంబరు తప్పయితే ఇలా చెబుతుందండీ."

"ఈ పిల్లే తప్పు కొట్టీసింది," అన్నాడు మేనేజరు.

"అయితే మీరే కొట్టండి సార్," అని కుర్చీ ఖాళీ చేశాను. ఒక్కొక్క అంకే వెతుక్కుంటూ కొట్టాడు. మళ్లీ టంగుమంది. చెయ్యి కడుక్కుని రమ్మంది.

"సెయ్యి సూపించు బావా," అన్నాడు ఓనరు. అరచేతి నిండా నీలం మరక. ఓనరు యార్డుకు ఫోన్ చేసి నంబరు చదివించుకుని చెప్పాడు. నేను కొట్టాను. సరిపోయిందని వచ్చింది. మేనేజరు ఎనిమిది అని చదివిన దగ్గర మూడు ఉంది. ఈసారి ఆయన్ని చూసి నవ్విన డ్రైవర్లలో, అంతకుముందు నన్ను చూసి నవ్వినవాళ్లందరూ ఉన్నారు. ఆయన నిలబడ్డది కూడా మంచినీళ్ల క్యాను పక్కనే.

నాకు జాలి వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. కడుపు నిండింది. ఆ రోజు నుంచి ప్రతి నంబరూ ఆయనే కొట్టి చూపించాలని ఓనరు హుకుం జారీ చేశాడు. ఇన్నాళ్లూ తప్పు నీది కాదన్న ముక్క మాత్రం నాతో వాళ్లిద్దరిలో ఎవరూ అనలేదు. దానికోసం చాలా రోజులు చూశాను.

ఇంకోచోట ఉద్యోగం వచ్చి మానేస్తున్న రోజున మేనేజరు మెల్లగా నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"ఎల్పోతన్నావు కదమ్మా. ఆ సెయ్యి కడుక్కోమన్న మాట తీసీ. కొత్తగా వచ్చినోల్లు సూత్తే నవ్వుతారు."

"తప్పకుండా తీసేస్తాను సార్," అన్నాను. ఆయన ముందే ఫైలు తెరిచి, ఆ మాట చెరిపేశాను. చూసుకుని, తృప్తిగా టీకి వెళ్లాడు. ఆయన మెట్లు దిగాక, ఆ ఖాళీలో 'కల్లెక్కడెట్టుకున్నావ్?' అని కొట్టి, సేవ్ చేసి, నా టిఫిను డబ్బా తీసుకుని బస్సెక్కాను.