నాడాలక్క అంటే నాకు పడదు

మా స్కానింగు విభాగంలో రోగులకు బట్టలు మార్పించే ఒకావిడ ఉంది. ఒక రోజు మా అమ్మ ప్రాణం కాపాడింది. అయినా ఆవిడంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచిదాన్ని అనుకుని మోసపోకండి.

నేను ఎమ్మారై టెక్నీషియన్ని. పద్నాలుగేళ్ళ సర్వీసు. ఎమ్మారై అంటే ఒక పెద్ద అయస్కాంతం, దాని మధ్యలో మనిషి పట్టేంత గొట్టం. ఆ అయస్కాంతాన్ని రాత్రీ పగలూ ఎప్పుడూ ఆపరు. చూడటానికి కదలక మెదలక ఉంటుంది గానీ, చేతిలో కత్తెరతో గుమ్మం దాటితే ఆ కత్తెర ఇక చేతిలో ఉండదు. పైన కనిపించే ఇనుమైతే తీసేయిస్తాం. ఒంట్లో ఉన్నదాంతోనే భయం. గుండెకి పెట్టిన పేస్‌మేకరు, చెవిలో అమర్చిన పరికరం, మెదడులో రక్తనాళానికి వేసిన క్లిప్పు, కంట్లో ఎప్పుడో పడి ఉండిపోయిన ఇనప రజను. వీటిలో కొన్ని ఉన్నా ఫరవాలేదు, కొన్నిటికి జాగ్రత్తలు తీసుకోవాలి, కొన్నిటితో లోపలికి పంపితే మనిషి దక్కడు. అది ఏ రకమో తేలేదాకా ఎవర్నీ పంపకూడదు. అందుకే నేను ఇరవై మూడు ప్రశ్నలతో ఒక ఫారం తయారు చేశాను. నెల రోజులు కూర్చుని రాశాను. వేరే ఆసుపత్రుల వాళ్ళు కూడా అడిగి పట్టుకెళ్ళారు.

ఇంత చేస్తే పేరెవరికి వచ్చింది? నాడాలక్కకి, అదే, ఆ బట్టలు మార్పించే ఆవిడకి. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

ఆవిడ అసలు దర్జీ. ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని ఇరవై రెండేళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టింది. భర్త లారీ డ్రైవరు, నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే. రెడీమేడ్ దుకాణాలొచ్చి గిరాకీ తగ్గింది, సూదిలో దారం ఎక్కించే చూపూ తగ్గింది. అప్పుడు మా ఆసుపత్రిలో చేరింది. చేరిన వారానికే కొత్త గౌన్లు వచ్చాయి, అన్నిటికీ ఇనప ప్రెస్ బటన్లు. మేమంతా ఫోన్లు చేసుకుంటూ, ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే, ఆవిడ రెండు మధ్యాహ్నాలు కూర్చుని నూట నలభై గౌన్లకి బటన్లు ఊడబీకి నాడాలు కుట్టేసింది. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఆవిడ పనే వేరుగా ఉంటుంది. బట్టలు మార్చుకోమని గౌను చేతిలో పెట్టి బయట నిలబడదు. స్టూలు మీద కూర్చోబెట్టి, తానే జడ విప్పి పిన్నులు ఒక్కొక్కటే తీస్తుంది. తానే నాడాలు కడుతుంది. కడుతూ ఒంటి మీద ఉన్న ప్రతి మచ్చనీ పలకరిస్తుంది. "ఇదెప్పటిది? సైకిలా, చెట్టా, మొగుడా?" అంటుంది. వాళ్ళు నవ్వుతారు. నవ్వి చెప్పేస్తారు. కొలతలు తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు డాక్టరుకి చెప్పనివి కూడా దర్జీకి చెప్తారట.

ఒకసారి ఒక పెద్దాయన నా ఫారంలో ఇరవై మూడుకి ఇరవై మూడూ 'లేదు' అని టిక్కు పెట్టి వచ్చాడు. నాడాలక్క ఆయన భుజం మీద ముడి వేస్తూ ఎడమ వైపు మెడ ఎముక కింద చర్మం ఉబ్బెత్తుగా ఉండటం చూసింది.

"తాతగారూ, ఈ జేబు ఎవరు కుట్టారండీ?" అంది.

"గుండెకి మిషను పెట్టారమ్మా. పదేళ్ళయింది."

"మరి ఫారంలో లేదని రాశారు?"

"జబ్బుందా అని కదా అడిగారు! అది తగ్గిపోయిందిగా!"

నేను అడిగింది జబ్బు గురించి కాదు, పరికరాల గురించి. తొమ్మిదో ప్రశ్న. లావు అక్షరాలు. అయినా ఆ సాయంత్రం మా డాక్టరుగారు అందరి ముందూ ఆవిడకి దండం పెట్టినంత పని చేశారు. "మన ఫారం కంటే ఈవిడ నయం" అన్నారు. మన ఫారమట! నవ్వుతూ చప్పట్లు కొట్టాను. లోపల ఒళ్ళు భగభగ మండింది.

ఆ తర్వాత నేను చేసిన పని కూడా చెప్తాను. బట్టల గదిలో ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు పడుతోందని, రోజుకి ఇద్దరు రోగులు తక్కువవుతున్నారని పైవాళ్ళకి లెక్కలు చూపించాను. మనిషికి అయిదు నిమిషాలని కాగితం వచ్చింది. గోడకి గడియారం కూడా నేనే కొట్టించాను. నాడాలక్క మర్నాటి నుంచి అరగంట ముందు రావడం, రోగుల్ని ముందుగానే లోపలికి పిలవడం మొదలుపెట్టింది. పన్నెండు నిమిషాలు అలాగే ఉన్నాయి, నా ఫిర్యాదుకి మాత్రం చోటు లేకుండా చేసింది. అదీ నాకు మంటే.

అలాంటి రోజుల్లో మా అమ్మకి తలనొప్పి మొదలైంది. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. తలకి ఎమ్మారై తీయించమని డాక్టరు రాశాడు. అమ్మ రెండు నెలలు తప్పించుకుంది. ఇవాళ ఒంట్లో బాగుందే, రేపు చూద్దాం, మీ నాన్నకి పనుంది అంటూ. భయమనుకున్నాను. చివరికి అమ్మనీ నాన్ననీ కారెక్కించి తీసుకొచ్చాను. నాన్న హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ ఫారం నేనే నింపేశాను. ఆవిడ ఒంట్లో ఏముందో నాకు తెలియదా? ఇద్దరు పిల్లల కాన్పులు, ఒక పన్ను పీకించుకోవడం, అంతే కదా. ఇరవై మూడు టిక్కులకి నిమిషం కూడా పట్టలేదు. నాడాలక్కని పిలిచి, "ఈవిడ మా అమ్మ. ఫారం అయిపోయింది. బట్టలు మార్పిస్తే చాలు, ప్రశ్నలేం వద్దు" అన్నాను.

"అలాగే మేడం" అంది.

పావుగంటయినా వాళ్ళు రాలేదు. నేనే వెళ్ళాను. అమ్మ గౌనులో, జుట్టు విరబోసుకుని బట్టల గది బయట నిలబడి ఉంది. నాడాలక్క ఎమ్మారై గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"అమ్మగారు లోపలికి వెళ్ళకూడదు మేడం."

"ఎందుకు?"

"చెప్పలేను."

"చెప్పలేవా? ఫారం రాసింది నేను. ఆవిడ మా అమ్మ."

"కాదన్నానా? డాక్టరుగారిని పిలవండి, ఆయనకి చెప్తాను. మీకు మాత్రం చెప్పనని అమ్మగారికి మాటిచ్చాను."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. ఆ క్షణంలో నాకు తట్టాల్సింది ప్రమాదం. తట్టలేదు. నా తల్లికీ ఈవిడకీ మధ్య నాకు తెలియని మాట ఒకటుందన్నదే తట్టింది. పావుగంట పరిచయానికి రహస్యమా! అమ్మ మోచెయ్యి పట్టుకుని, "జరుగు అక్కా" అన్నాను. జరగలేదు. ఆవిడ భుజం పట్టుకుని పక్కకి తోశాను. అవును, తోశాను. నలుగురూ చూశారు.

"రేపు నన్ను ఉద్యోగంలోంచి తీయించండి మేడం. ఇవాళ మాత్రం నేను జరగను" అంది. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

గొడవ విని డాక్టరుగారు వచ్చారు. నాడాలక్క ఆయన దగ్గరికి వెళ్ళి రెండు ముక్కలు చెప్పింది. ఆయన వెంటనే అమ్మ తలకి మామూలు ఎక్స్‌రే తీయమన్నారు.

ఎక్స్‌రేలో ఎడమ చెవికి కాస్త పైన, పుర్రె లోపల, వంగిన బియ్యపు గింజంత తెల్లటి ముక్క కనిపించింది. అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రక్తనాళానికి వేసిన క్లిప్పు. నలభై ఏళ్ళ పైచిలుకు నాటిదని తర్వాత తెలిసింది. ఏ లోహమో రాసిన కార్డు లేదు, చేసిన డాక్టరు లేడు. అప్పటి క్లిప్పుల్లో అయస్కాంతానికి తిరిగిపోయేవి ఉన్నాయి. అది తిరిగితే నాళం చిట్లుతుంది, ఇక చేయడానికేమీ ఉండదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ నేను చెప్పే మొదటి పాఠం ఇది. నా చేత్తో నేనే మా అమ్మని గుమ్మం దాకా లాక్కెళ్ళాను.

అమ్మని బట్టల గదిలోనే స్టూలు మీద కూర్చోబెట్టి అడిగాను. పెళ్ళికి ఏడాది ముందు తలకి ఆపరేషనయిందట. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని మా అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దందట. జుట్టు పెరిగింది, మచ్చ దాగింది, నాన్నకి ఇప్పటికీ తెలియదు. స్కాన్ తీస్తే నా కంట పడుతుందనే రెండు నెలలు తప్పించుకుంది. ప్రాణం మీదికొస్తుందని ఆవిడకి తెలియదు.

"ఆవిడ నిన్ను ఏమడిగింది?"

"ఏమీ అడగలేదే. నువ్వు వద్దన్నావటగా. పిన్నులు తీస్తుంటే ఆవిడ వేలు అక్కడ ఆగింది. నేనే చెప్పాను."

"మరి నాకు? ఇదే పని మీద పద్నాలుగేళ్ళుగా ఉన్నదాన్ని! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదా?"

"నువ్వన్నీ తెలిసినదానివమ్మా" అంది అమ్మ. "తెలిసినవాళ్ళకి ఏం చెప్తాం?"

వెటకారం కూడా కాదది, మామూలుగా అంది. అందుకే ఎక్కువ తగిలింది.

సీటీ స్కాన్ తీయించాం. దాంట్లో అయస్కాంతం ఉండదు కాబట్టి ఆ క్లిప్పుతో ఇబ్బంది లేదు. తలలో కొత్తగా ఏమీ కనిపించలేదు, కొలిస్తే బీపీ అని తేలింది, మాత్రలతో సర్దుకునేదే. హాల్లో నాన్న, "ఎమ్మారై అన్నావుగా, ఏమైందే?" అని అడిగాడు. "మిషను పాడైంది నాన్నా" అన్నాను. పద్నాలుగేళ్ళలో నా యంత్రం మీద నేను ఎవరితోనూ అనని మాట అది.

నాడాలక్కకి క్షమాపణ చెప్పాను. "పోనీలెండి మేడం, తల్లి కదా, కంగారు" అంది. కంగారు కాదని ఆవిడకీ తెలుసు. ఆ రోజు నుంచి మా వాళ్ళెవరూ ఇంటివాళ్ళ ఫారం తాము నింపకూడదని నియమం పెట్టించాను. గోడ గడియారం తీయించేశాను. ఇంతకంటే మంచిదాన్ని కాలేకపోయాను.

అమ్మ ఇప్పుడు నెలకోసారి బీపీ చూపించుకోవడానికి వస్తుంది. నాన్నని హాల్లో కూర్చోబెట్టి, నా దగ్గరికి కాకుండా నేరుగా బట్టల గదికి వెళ్తుంది. మొన్న భోజనాల వేళ కలిసి తిందామని పిలవడానికి నేనే వెళ్ళాను. తలుపు వేసి ఉంది. లోపల ఇద్దరూ నవ్వుతున్నారు. మా అమ్మ అలా నవ్వడం నేను ఇంట్లో వినలేదు. తలుపు తట్టాను.

"ఎవరూ?" అంది అమ్మ.

"నేనే."

నవ్వు ఆగిపోయింది.

"ఓ అయిదు నిమిషాలు ఉండవే" అంది. "మేం మాట్లాడుకుంటున్నాం."