పాత గడియారానికి కొత్త ముఖం

మా అక్క మొగుడు దుబాయి నుంచి వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన చేయి ఇంట్లోకి వచ్చింది. దానికి అంకెల వాచీ. ఒక మీట నొక్కితే వెలుగుతుంది, ఇంకోటి నొక్కితే పాట పాడుతుంది. గౌలిపురలో మా గల్లీ అంతా ఆ మణికట్టు చుట్టూ మూగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గిదేంది బామ్మర్దీ, ఇంకా గీ కీ ఇచ్చే డబ్బానే పెట్టుకున్నవా?" అన్నాడు బావ, నా చేతి వైపు చూసి.

అది మా బాపుది. నాకు నౌకరీ రాగానే తన చేతి నుంచి విప్పి నా చేతికి కట్టాడు.

"డబ్బా కాదు బావా, యాంటిక్ పీసు," అన్నాను. ఆఫీసులో విన్న మాట. అర్థం సరిగా తెలియదు కాబట్టి ఇంకా గట్టిగా అన్నాను. పందెం పడింది. నయాపూల్ దగ్గర గడియారాలు బాగుచేసే పెద్దాయన ఏం చెబితే అదే తీర్పు. ఓడినవాడు నెల రోజులు రెండోవాణ్ణి సార్ అని పిలవాలి.

గెలవాలంటే గడియారం దర్జాగా ఉండాలి కదా! పసుపెక్కిన డయలుకు ఆ సాయంత్రమే రంగు వేయించాను. ముళ్ళు కూడా కొత్తవి పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు దాన్ని పెద్దాయన ముందు పెట్టి, నాకొచ్చిన ఉర్దూ అంతా కూడగట్టి, "బహుత్ ఖాదిమ్ ఘడీ హై" అన్నాను.

ఆయన ఒక కంటికి అద్దం బిగించుకుని గడియారాన్ని వదిలేసి నన్ను చూశాడు. "పాతకాలపుదంటే ఖదీమ్ సాబ్. ఖాదిమ్ అంటే నౌకర్. రోజూ దీనికి కీ ఎవరు ఇస్తరు?"

"నేనే."

"అయితే ఖాదిమ్ మీరే."

బావ గోడ పట్టుకుని నవ్వాడు.

పెద్దాయన మూత విప్పి చూశాడు. "మిషన్ అస్లీ. మస్తు పాతది. కానీ వయసు డయల్ మీద ఉంటది సాబ్. పుట్టినప్పటి డయల్, పుట్టినప్పటి ముళ్ళు ఉండాలె. పసుపెక్కితే ఏమాయె? మీరు ఆ వయసంతా కడిగేసిన్రు. ఇప్పుడు ఇది ఉత్త పాతది."

ఇంటిదాకా బావను సార్ సార్ అంటూనే నడిచాను. దానికేం, నోటికి అలవాటైన మాటే. ఆ 'ఉత్త పాతది' మాత్రం మింగుడు పడలేదు.

గుమ్మంలో కూర్చున్న బాపు లొల్లి ఏందని అడిగాడు. నేను చేయి చాచాను. కళ్ళజోడు పెట్టుకుని, నా మణికట్టును వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది. ఎవరిది రా?" అన్నాడు. "మరి నాది యాడ వెట్టినవ్?"